ఉగ్గుగిన్నెలో నీళ్ళు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వే మనిషిని నేను. మా బొగ్గు బాయిలో ప్రతి మూలకూ ఒక కథ ఉంటుంది. గనిని మేం బాయి అనే అంటాం. ఫలానా మలుపులో కప్పు కూలి పోయిన మనిషి ఇప్పటికీ తంబాకు అడుగుతాడని, ఇంకోచోట ఎవరో దగ్గుతారని పాతవాళ్ళు చెప్పేవారు. పదకొండేళ్ళు ఆ చీకట్లో పంపు దగ్గర కూర్చున్నాను, చాలాసార్లు ఒక్కణ్ణే. నన్ను ఎవడూ తంబాకు అడగలేదు. అడిగితే ఇద్దామని డబ్బా జేబులోనే ఉండేది.

నేను చెప్పబోయేది చీకట్లో జరిగింది కాదు. పట్టపగలు ఒంటిగంటకు, కరీంనగర్‌లో ఒక పిల్లల దవాఖానలో జరిగింది. కనబడిన మనిషి చచ్చిపోయినవాడు కూడా కాదు. అందుకే దీన్ని దయ్యం కథ అనడానికి మనసొప్పదు. ఇంకేమనాలో కూడా తెలియదు. తెలంగాణ రాష్ట్రం రావడానికి నాలుగైదేళ్ళ ముందు సంగతి ఇది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు నా పని గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేయబోయిన తప్పు మీకు అర్థం కాదు.

గోదావరిఖని దగ్గర ఒక బాయిలో నేను పంపు ఆపరేటర్ని. భూమి లోపల ఊరే నీళ్ళు ఒక పెద్ద గుంటలోకి చేరతాయి. దాన్ని సంపు అంటారు. ఆ నీళ్ళను పైకి తోడకపోతే పనిచేసే చోటు మునుగుతుంది. గంటగంటకూ మట్టం చూసి పుస్తకంలో రాయాలి. ఒక్కోసారి పంపు గాలి పడుతుంది. అంటే మోటరు తిరుగుతూనే ఉంటుంది గానీ చుక్క నీరు రాదు. అప్పుడు మోటరు ఆపి, పైన మూత విప్పి, డబ్బాతో నీళ్ళు పోసి, పంపు నిండాక మళ్ళీ నడపాలి. అప్పుడు పంపు పట్టి నీళ్ళు ఎత్తుతుంది. నీళ్ళు పోస్తే గానీ అది నీళ్ళు తీయదు. మా చేతులకు అది నిద్రలో కూడా వచ్చే పని.

ఆ పని నాకు నేర్పింది దానియేలు కాక. అప్పటికే ఆయనకు ఇరవై ఏళ్ళ సర్వీసు. మందు ముట్టడు, ఆదివారం చర్చి తప్పడు, షిఫ్టులో కునుకు తీయడు. పంపు గాలి పట్టిందంటే చాలు, "జల్ది నీళ్ళు పొయ్యిరా, చూస్తవేంది" అని మీద పడేవాడు. నన్ను కొడుకులా చూసేవాడు. అందుకే తిట్లు కూడా కొడుకును తిట్టినట్టే తిట్టేవాడు.

పెళ్ళైన ఆరేళ్ళకు నా భార్య సుజాత నీళ్ళోసుకుంది. నెలలు నిండాక నొప్పులు పొద్దున మొదలై సాయంత్రం దాకా లాగాయి. చివరికి గోదావరిఖనిలోనే ఆపరేషన్ చేశారు. పేగు మెడకు చుట్టుకుందట. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. లోపల వాళ్ళు ఆ పిల్ల చేత ఊపిరి తీయించడానికి పడిన ఆ కొన్ని నిమిషాలు, బయట గోడకు ఆనుకుని నేనెలా నిలబడ్డానో రాయడం నా వల్ల కాదు. ఊపిరైతే వచ్చింది. వెంటనే కరీంనగర్ తీసుకెళ్ళమన్నారు.

సుజాత కుట్లతో అక్కడే ఉండిపోయింది. తోడుగా మా అత్తమ్మ. పిల్లతో అంబులెన్సులో నేనొక్కణ్ణే వెళ్ళాను. ఎక్కేముందు అత్తమ్మ ఒక గుడ్డల మూట నా చేతిలో పెట్టింది. అందులో వెండి ఉగ్గుగిన్నె కూడా ఉంది, సుజాతకు ఉగ్గు పట్టినదే. నా బిడ్డ గాజు పెట్టెలో గొట్టాల మధ్య ఉంటే ఈ గిన్నె దేనికని విసుక్కున్నాను.

రెండో రోజు డాక్టరమ్మ నన్ను పిలిచింది. వయసులో చిన్నదే గానీ ఓపికగా చెప్పింది. పుట్టేటప్పుడు గాలి అందక పిల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. మూత్రం రావడం లేదు. బయటికి పోవాల్సిన విషం రక్తంలోనే నిలిచిపోతోంది.

"కిడ్నీలు చచ్చిపోలేదు, సొమ్మసిల్లాయి అనుకోండి. వాటంతట అవి లేవాలి. అప్పటిదాకా నీళ్ళు బాగా తగ్గించి ఇస్తాం" అంది.

"లేవకపోతే మేడం?"

"హైదరాబాద్ తీసుకెళ్ళాలి. పొట్టలోకి గొట్టం వేసి రక్తం శుభ్రం చేస్తారు. ఇంత చిన్న పిల్లకు అది తేలిక కాదు."

అప్పటినుంచి నా ప్రాణమంతా ఒక చిన్న త్రాసు మీద ఉంది. లోపల సిస్టర్ పిల్ల కింది గుడ్డ తీసి ఆ త్రాసు మీద పెట్టేది. పొడి గుడ్డ బరువు ముందే రాసి ఉంటుంది. దానికంటే ఎంత ఎక్కువ తూగితే అంత మూత్రం వచ్చినట్టు. నేను అద్దం బయట నుంచి చూసేవాణ్ణి. ఆమె నావైపు తిరిగి తల అడ్డంగా ఊపేది. పొడి. మళ్ళీ కొన్ని గంటలకు పొడి. అలవాటు పోక నేను నా జేబు పుస్తకంలో రాసుకునేవాణ్ణి, పంపు దగ్గర రాసినట్టే. పేజీ కింది దాకా ఒకటే మాట.

మూడో రోజు పొద్దున పిల్ల కనురెప్పలు ఉబ్బాయి. పెదాలు మాత్రం ఎండి పొరలు లేచాయి. డాక్టరమ్మ చూసి, సాయంత్రం నాలుగు దాకా ఆగుదాం అంది. అప్పటికీ రాకపోతే హైదరాబాద్ బయలుదేరాలి. మరునాడు బంద్ ఉంది, అందుకే ఆ సాయంత్రమే కదలాలి. దారిలో పిల్ల తట్టుకుంటుందా అని అడిగితే ఆమె పిల్ల కాగితాలు మళ్ళీ మొదటి నుంచి తిరగేసింది.

నా బుర్ర పనిచేయడం మానేసింది. లేదా అలవాటైన దారిలోనే పనిచేసింది. చుక్క నీరు రావడం లేదు, పెదాలు ఎండిపోయాయి, వీళ్ళేమో ఇచ్చే నీళ్ళు కూడా కోసేశారు! నీళ్ళు పోయకుండా నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? సిస్టర్‌ను అడిగాను, మా పంపు సంగతి చెప్పి, కొంచెం నీళ్ళు పట్టి చూడొచ్చు కదా అని. ఆమె పొద్దుటి నుంచి నిలబడే ఉంది పాపం.

"అన్నా, అది మీ బాయిల పంపు కాదు. పసిపిల్ల. మీరు గిట్ల ఆగం కావద్దు" అంది.

సరిగ్గా చెప్పింది. నేనే చెవిన పెట్టలేదు. పదకొండేళ్ళు నా చేతులు నమ్మినదాన్ని మూడు రోజుల డాక్టరు మాట చెరిపేయలేకపోయింది. క్యాంటీన్‌లో కాగబెట్టిన నీళ్ళు సీసాలో పోయించుకుని చల్లారబెట్టాను. గుడ్డల మూట విప్పి ఉగ్గుగిన్నె తీశాను.

లోపలికి వెళ్ళడానికి నాకు రోజుకు రెండుసార్లు అనుమతి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి. ముందు ఒక చిన్న గది ఉంటుంది. అక్కడ చెప్పులు విడిచి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, వాళ్ళిచ్చే పచ్చ అంగీ తొడుక్కోవాలి. అది మోకాళ్ళ కిందికి వేలాడుతుంది. ఆ గదికి పెద్ద కిటికీ ఉంది. ఎండ బండల మీద పడుతోంది. నేను అంగీ తొడుక్కుని, గోడవైపు తిరిగి సీసాలో నీళ్ళు గిన్నెలోకి వంచాను. లోపలి తలుపు అద్దంలోంచి చూశాను. సిస్టర్ అటు మూల ఇంకో పిల్ల దగ్గర వంగి ఉంది. మా పిల్ల పెట్టె తలుపు పక్కనే. పెట్టెకు పక్కనున్న గుండ్రటి రంధ్రంలోంచి చెయ్యి పెట్టి, ముందు నాలుగు చుక్కలు, ఆగి ఇంకో నాలుగు. అంతే అనుకున్నాను.

తలుపు మీద చెయ్యి వేశాను.

"పొయ్యకు."

గొంతు గుర్తుపట్టి వెనక్కి తిరిగాను. చేతులు కడిగే తొట్టి పక్కన దానియేలు కాక నిలబడి ఉన్నాడు. నెత్తిన టోపీ, టోపీకి లైటు, మెడలో తువ్వాల, బూట్లు మడమల దాకా తడి. తడి బొగ్గు వాసన వచ్చింది, గ్రీజు వాసన వచ్చింది. నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. డ్యూటీ దిగి తిన్నగా బస్సెక్కి వచ్చాడనుకున్నాను.

"ఎప్పుడొచ్చినవ్ కాకా?"

ఆయన నా చేతిలో గిన్నెనే చూస్తున్నాడు.

"పొయ్యకురా. నీళ్ళు తక్వై ఆగింది కాదు. ఇప్పుడు పోస్తే మునుగుతది."

"మరి ఏం జెయ్యాలె?"

"ఆగు. దానంతట అది పడ్తది."

పదకొండేళ్ళలో పంపు దగ్గర ఆయన నాకు ఆగమని చెప్పింది లేదు. అందుకేనేమో ఆ మాట సూటిగా తగిలింది. గిన్నె వంచేశాను. నీళ్ళు బండల మీద పడ్డాయి. అయ్యో అని వంగి సీసా పక్కకు జరిపి తలెత్తేసరికి గదిలో ఆయన లేడు.

బయటి తలుపు తెరుచుకుని ఊడ్చే ఆయా వచ్చింది. నేల తడిసిందని నన్ను నాలుగు అంది. ఇప్పుడు వెళ్ళినాయన ఎటు వెళ్ళాడని అడిగాను.

"ఎవలు? గిప్పటిదాక వరండల నేనే ఉన్న. ఎవ్వలు పోలె" అంది.

చూసుకోలేదేమో అనుకుని ఖాళీ చేతులతో లోపలికి వెళ్ళాను. పిల్ల పెట్టె పక్కన నిలబడ్డాను. పది నిమిషాలు దాటినా సిస్టర్ పొమ్మనలేదు. ఆ పొమ్మనకపోవడం నన్ను ఇంకా భయపెట్టింది, ఎందుకు ఉండనిస్తుందో అర్థమై. పిల్ల పొట్ట ఎగురుతుంటే చూస్తూ, ఒక్కో ఊపిరీ లెక్కపెడుతూ ఉన్నాను.

ఒంటిగంట యాభైకి ఆమె గుడ్డ మార్చింది. తీసింది తీసినట్టే చేతిలో పట్టుకుని ఆగింది. త్రాసు మీద పెట్టింది. ఎత్తి మళ్ళీ పెట్టింది.

"అన్నా" అంది. "తడి."

ఆరు గ్రాములు. ఒక చెంచాడు నీళ్ళంత. నేను అక్కడే గోడ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను, దాచుకోవడం దేనికి. నాలుగింటికి మళ్ళీ తడి, ఈసారి ఎక్కువ. డాక్టరమ్మ హైదరాబాద్ ప్రయాణం ఆపేసింది.

ఆ సాయంత్రం ఆమెకు గిన్నె సంగతి చెప్పేశాను. ఆమె ముఖం పాలిపోయింది. ఒంట్లో ఉన్న నీరే బయటికి పోలేక పిల్ల ఉబ్బిపోతుంటే పైనుంచి నీళ్ళు పోస్తారా, ఊపిరితిత్తుల్లోకి చేరి ఉంటే మన చేతిలో ఏముండేది అని కేకలేసింది. ఇప్పుడు పోస్తే మునుగుతది. అదే మాట. ఎవరు చెప్పారో మాత్రం ఆమెకు చెప్పలేదు.

తర్వాత బయట బల్ల మీద టీ తాగుతూ కాక కోసం చూస్తుంటే నాకు ఆ లైటు గుర్తొచ్చింది. ఆ లైటు వెలుగుతోంది. ఎండ పడిన గదిలో టోపీ మీద లైటు వెలుగుతోంది.

బాయిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న లైటు ఒకటి ఉంటుంది. ల్యాంపు రూములో తన నంబరు బిళ్ల ఇచ్చి లైటు తీసుకోవాలి. పైకి వచ్చాక లైటు ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. లైటు తిరిగి రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు, వెతకడానికి జనం దిగుతారు. ఎంత పెద్ద అధికారైనా ఆ లైటు నెత్తిన పెట్టుకుని గేటు దాటడు. డెబ్బై కిలోమీటర్లు బస్సులో రావడం సంగతి సరేసరి. టీ గ్లాసు పక్కన పెట్టేశాను. అప్పుడు వేసింది భయం.

పిల్ల కోలుకుని ఇంటికి వచ్చాక, అది పుట్టిన మూడో వారంలో నేను డ్యూటీకి వెళ్ళాను. ల్యాంపు రూములో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. చివరికి లైటు ఇచ్చే ఆయనే గొంతు తగ్గించి అన్నాడు.

"దానియేలు కాకకు మెమో ఇచ్చిన్రు. దాని జవాబుల నీ పేరు చెప్పిండు."

అంతలోనే అండర్ మేనేజర్ పిలిచాడు. ఆయన చెప్పింది ఇది. నేను సెలవులో ఉండగా ఒకరోజు ఫస్టు షిఫ్టులో పంపు గాలి పట్టింది. దానియేలు నీళ్ళు పోయలేదు. ముప్పావు గంట ఊరికే కూర్చున్నాడు. సంపు పొంగి బొగ్గు బండ్ల పట్టాలు మునిగి పని ఆగిపోయింది. నిద్రపోయాడో, తాగాడో తేలాలి. షిఫ్టు దిగగానే క్లర్కు రాసి సంతకం తీసుకున్న కాక సంజాయిషీ నా ముందు పెట్టాడు. తారీఖు చూశాను. మా పిల్ల గుడ్డ తడిసిన రోజు.

అందులోని మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"ఒంటిగంటకు పంపు గాలి పట్టింది. నీళ్ళు పోద్దామని డబ్బా తీసిన. అప్పుడు శంకర్ చేతిల చిన్న గిన్నె పట్టుకొని వచ్చిండు. టోపీ లేదు, లైటు లేదు, కాళ్ళకు బూట్లు లేవు. మోకాళ్ళ కిందికి పచ్చ అంగీ ఉన్నది. వాడు పొయ్యబోతుంటే పొయ్యకు అని నేనే చెప్పిన. గిన్నె నేల మీద వంచిండు. మళ్ళ కనబడలేదు. తర్వాత నీళ్ళు పొయ్యనీకి నాకు చెయ్యి రాలేదు. ఒకటి నలభై ఐదుకు మోటరు నడిపితే పంపు పట్టింది."

శంకర్ అంటే నేనే. కింద ఎర్ర సిరాతో అధికారి రాసిన ముక్క ఉంది. సదరు శంకర్ ఆ రోజు సెలవులో ఉన్నాడు, అతని లైటు ల్యాంపు రూములోనే ఉంది అని.

"పచ్చ అంగీ అంట!" అని అండర్ మేనేజర్ నవ్వాడు. ఆ అంగీ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. సుజాతకే తెలియదు. ఆ మూడు రోజులు దవాఖానలో మా మనిషి అన్నవాడు నేను తప్ప ఇంకొకరు లేరు. ఇంకో సంగతి, నీళ్ళు పోయకుండా ఆ పంపు పట్టడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత చూడలేదు.

"ఆ రోజు నువ్వు బాయిలకు దిగినవా?" అని అడిగాడు.

"లేదు సార్. కరీంనగర్‌ల ఉన్న."

"అదే రాసి సంతకం పెట్టు."

నేను చూసింది అప్పుడు చెప్పి ఉండొచ్చు. చెప్తే ఇద్దరం కూడబలుక్కున్నాం అంటారు, లేదా ఇద్దరికీ పిచ్చి అంటారు. ఇంట్లో నెల కూడా నిండని పిల్ల ఉంది. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ అసలు కారణం పిరికితనం. ఆ రోజు నేను బాయిలో లేను అని రాసి సంతకం పెట్టాను. కాకను వారం రోజులు సస్పెండ్ చేశారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అదొక్కటే మచ్చ, అదీ రిటైర్మెంటుకు ఏడాది ముందు.

సంతకం పెట్టిన సాయంత్రమే ఆయన క్వార్టరుకు వెళ్ళాను. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే ఆయనే అడిగాడు.

"పిల్ల ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగున్నది కాకా" అని, కూర్చుని మొత్తం చెప్పాను. చేతులు కడిగే తొట్టి, లైటు, ఆయన అన్న మాటలు, ఆరు గ్రాములు. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విని చెయ్యి చాపాడు.

"గిన్నె తెచ్చినవా?"

ఇంటి నుంచి జేబులో వేసుకుని వచ్చిన గిన్నె తీసి ఇచ్చాను. వెలుతురుకు తిప్పి చూశాడు.

"గిదే. ముక్కు జెర వంకర."

సుజాత చిన్నప్పుడు నేలకేసి కొడితే ఆ ముక్కు వంగిందట. లోపల ఆయన భార్య స్టవ్వు పంపు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నువ్వు దవాఖానకు వచ్చినవా కాకా?" అని అడిగాను చివరికి.

"పంపు ఇడిసిపెట్టి ఎట్లొస్తరా? నేను యాడికి రాలె."

"నేను బాయిల లేనని సంతకం పెట్టిన కాకా. నిన్ను అబద్ధాలోన్ని చేసిన."

"నువ్వు లేవు గద. లేనిది లేనట్టే రాస్తరు. ఫికర్ చెయ్యకు" అన్నాడు. గిన్నె నా చేతిలో పెట్టి, నా వేళ్ళు తన చేత్తో మూశాడు. "గాని నువ్వైతే ఒచ్చినవ్."

ఆ తర్వాత ఆయన ఈ సంగతి మళ్ళీ ఎత్తలేదు. రిటైరై మందమర్రిలో కూతురి దగ్గర ఉండి, కొన్నేళ్ళకు పోయాడు. మా బాయి కూడా మూతపడింది. మా పిల్ల ఇప్పుడు పదో తరగతి. ఏడాదికోసారి కిడ్నీల పరీక్ష చేయిస్తాం, ఏ లోపమూ లేదంటారు. దవాఖాన కాగితంలో ఒకటి యాభై అని ఉంది, కాక కాగితంలో ఒకటి నలభై ఐదు. ఆ ఐదు నిమిషాల తేడాను పట్టుకుని, ఇదంతా నా అలసట, ఆయన ముసలితనం అని సర్దిచెప్పుకోవాలని ఎన్నోసార్లు చూశాను. పచ్చ అంగీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను.

ఆ రోజు నేను బాయిలో లేను అని నా చేత్తో రాశాను. అది అబద్ధమని చెప్పలేను. నిజమని చెప్పడానికి మాత్రం ఇప్పటికీ నాకు నోరు రాదు.